నీలి తిమింగలం గురించి ఐదో తరగతికి ఎలా చెప్పాలి? మా పిల్లలు "పెద్ద చేప" దగ్గరే ఆగిపోయారు

చాక్‌పీసు_రాణి

అందరికీ నమస్కారం. ఉప్పల్ దగ్గర ఒక చిన్న ప్రైవేటు స్కూల్లో ఐదో తరగతికి సైన్స్ చెప్తాను. పోయిన వారం నీలి తిమింగలం గురించి చెప్పాను, అంటే చెప్పాననే అనుకున్నాను. స్మార్ట్ బోర్డు మీద బొమ్మ చూపించా, వీడియో వేశా. పొడవు 30 మీటర్ల దాకా, బరువు 150 టన్నుల దాకా, మనకు తెలిసిన జంతువులన్నిటిలోకీ ఇదే పెద్దది, క్షీరదం, పిల్లకి పాలిస్తుంది, గాలి పీల్చుకోవడానికి పైకి వస్తుంది, అన్నీ చెప్పి నోట్సు కూడా రాయించా. శుక్రవారం స్లిప్ టెస్టు పెడితే 41 మందిలో 29 మంది "నీలి తిమింగలం ఒక పెద్ద చేప" అని రాశారు. ఒకడైతే "అది పడవలను, మనుషులను మింగును" అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాడు, ఆ దస్తూరీ చూసి మార్కు వేసేద్దామా అనిపించింది.

30 మీటర్లంటే ఎంత అని అడిగితే ఒకమ్మాయి రెండు చేతులూ బార చాపి "ఇంత టీచర్" అంది. అప్పుడు నా తప్పు నాకు తెలిసింది. మా క్లాసులో సముద్రం చూసినవాళ్ళు ఆరుగురే, మిగతావాళ్ళకి పెద్ద నీళ్ళంటే ట్యాంక్‌బండ్. అందుకే వెనక బెంచీ నుంచి "టీచర్, గది హుస్సేన్ సాగర్ల పడ్తదా?" అని ప్రశ్న వచ్చింది. నేను ఠక్కున "పట్టదు" అనేశా. ఇంటికొచ్చి అన్నం తింటుంటే అనుమానం, నిజంగా పట్టదా?

ఇంకో తలనొప్పి. "బ్లూ వేల్ ప్రాజెక్టు ఉంది, చార్టు కొనివ్వండి" అని పేరెంట్స్ గ్రూపులో పెట్టా. పిల్లల్ని ఆత్మహత్య దాకా తీసుకెళ్తుందని అందరూ భయపడ్డ బ్లూ వేల్ ఆన్‌లైన్ గేమ్ అనుకుని ఒక పేరెంట్ "ఆ గేమ్ గురించి చిన్నపిల్లలకి ఎందుకు మేడమ్" అన్నారు, ఇంకో నలుగురు అవునవునన్నారు, ప్రిన్సిపాల్ మేడమ్ పిలిచి అడిగేదాకా వెళ్ళింది.

వచ్చే వారం మళ్ళీ రెండు పీరియడ్లు దొరుకుతాయి. ఖర్చు నా పర్సులోంచే కాబట్టి మూడు వందలు దాటకూడదు. గ్రౌండు చిన్నదే కానీ పొడుగ్గా ఉంటుంది. మీరు క్లాసులో చేసి చూసినవి చెప్పండి, వీడియో లింకులు వద్దు, అవన్నీ నేనూ చూశా.

ముగ్గుల_మాస్టారు

మేడమ్, నేను మేడ్చల్ వైపు జిల్లా పరిషత్ స్కూల్లో చేస్తాను. స్మార్ట్ బోర్డు మీద చీమకీ తిమింగలానికీ ఒకటే సైజు, రెండూ బోర్డు అంతే ఉంటాయి. ముందు దాన్ని ఆపేసి పిల్లల్ని బయటికి తీసుకెళ్ళండి.

కొబ్బరి తాడు 30 మీటర్లు కొలిచి గ్రౌండులో పరవండి. క్రికెట్ పిచ్ 22 గజాలు, అంటే 20 మీటర్ల చిల్లర, మగపిల్లలందరికీ తెలుసు, ఈమధ్య ఆడపిల్లలకీ తెలుసు. ఒక పిచ్ అయ్యాక ఇంకో సగం పిచ్ నడిస్తే తిమింగలం తోక వస్తుంది. ఇంకా బాగా అర్థం కావాలంటే చార్మినార్ చెప్పండి. దాని ఒక్కో వైపు 20 మీటర్లు. తిమింగలాన్ని తెచ్చి దాని ముందు అడ్డంగా పడుకోబెడితే తల అటు ఐదు మీటర్లు, తోక ఇటు ఐదు మీటర్లు బయటికి వస్తాయి. ఇది చెప్పినప్పుడు మా వాడొకడు "అయితే గాజుల దుకాణాలన్నీ బంద్ సార్" అన్నాడు.

తర్వాత ముగ్గుపిండితో గీతలు గీయించండి. మాకు ఐదు కిలోలు పట్టింది. ఆడపిల్లలు చుక్కలు పెట్టి కలుపుతూ పోయారు, నేను మధ్యలో నిలబడి అరవడమే. అందరూ కన్ను పళ్ళెమంత పెద్దగా వేస్తారు, అసలు కన్ను బత్తాయి పండుకి కాస్త పెద్దగా ఉంటుందంతే. నేనే ఒక తప్పు చేశా. పక్క నుంచి చూసినట్టు గీసి తోకని చేప తోకలా నిలువుగా పెట్టేశా. ఏడో తరగతి అమ్మాయి వచ్చి "సార్, చేప తోక అటూ ఇటూ ఊపుతది, ఇది కిందికీ మీదికీ ఊపుతదని మీరే చెప్పిండ్రు కదా" అంది. నిజమే, తిమింగలం తోక అడ్డంగా పరిచినట్టు ఉంటుంది, పక్క నుంచి చూస్తే సన్నగా కనిపించాలి. ఆ తోక చెరిపి మళ్ళీ గీయించా. చేపకీ దీనికీ తేడా ఆ రోజు ఎక్కినంత బాగా నోట్సుతో ఎప్పుడూ ఎక్కలేదు. మీరు కూడా కావాలని తప్పు తోక గీసి ఎవరు పట్టుకుంటారో చూడండి.

తాడు దొరక్కపోయినా పరవాలేదు, పిల్లల్నే తలకీ కాళ్ళకీ ఆనించి వరసగా పడుకోబెట్టండి. ఐదో తరగతి పిల్లలు 22, 23 మంది చాలు, మిగతావాళ్ళు లెక్కపెడతారు. అప్పుడే పుట్టిన పిల్ల తిమింగలం 7 మీటర్లు, అంటే ఐదుగురు. బరువు రెండున్నర టన్నులు. తల్లి పాలు తాగి రోజుకి 90 కిలోల దాకా పెరుగుతుంది. ఆ పాలలో మూడో వంతుకు పైనే కొవ్వు, మన బర్రె పాలలో ఏడు శాతం ఉంటే గొప్ప. నీళ్ళలో కలిసిపోకుండా టూత్‌పేస్టులా చిక్కగా ఉంటాయి. ఇది చెప్పాక "చేప పాలిస్తుందా?" అని ఒక్క ప్రశ్న వేసి ఊరుకోండి.

రొయ్యపొట్టు

పేరు చూసి నవ్వకండి, కారణం ఉంది. నేను టీచర్ని కాదు, ఇద్దరు పిల్లల తల్లిని, కూకట్‌పల్లిలో ఇంట్లో ట్యూషన్ చెప్తాను.

సార్ చెప్పింది బాగుంది కానీ అందరూ సైజు దగ్గరే ఆగిపోతారు. "ఎంత పెద్దదో" అని నోరు తెరిచాక పిల్లలకి వచ్చే అసలు ప్రశ్న, అంత ఒళ్ళు ఏం తిని పెంచింది? ఇక్కడ మన భాషే దారి చూపిస్తుంది. తిమి అంటే చేప, తిమింగిలం అంటే చేపని మింగేది, సంస్కృతంలో దాని అర్థం అదే. కానీ నీలి తిమింగలానికి పళ్ళే లేవు, అది తినేది క్రిల్ అనే చిన్న రొయ్యల్లాంటి జీవుల్ని. పేరుకి చేపల్ని మింగేది, పళ్ళెంలో మాత్రం రొయ్యపొట్టు. మీ ముత్యాల అక్షరాల బాబుకి కూడా చెప్పండి, దాని గొంతు ఇరుకు, మనిషిని మింగాలనుకున్నా మింగలేదు.

కిరాణా షాపులో ఇరవై రూపాయల రొయ్యపొట్టు తెచ్చి ఒక్కొక్కరి అరచేతిలో నాలుగేసి పెట్టండి. అంటార్కిటికా క్రిల్ వీటికంటే పెద్దదే, వేలంత అవుతుంది, కానీ ఆ ఆకారం, ఆ కళ్ళు చూడగానే పిల్లలకి అర్థమవుతుంది. పెద్ద తిమింగలం మేసే రోజుల్లో తేలిగ్గా 4 టన్నులు తింటుంది. ఇంటికి తెచ్చుకునే 25 కిలోల బియ్యం బస్తాలయితే 160. "మీ ఇంట్లో ఒక బస్తా ఎన్నాళ్ళొస్తుంది?" అని అడిగితే లెక్క వాళ్ళే చేసుకుంటారు.

ఎలా తింటుందో చూపించడానికి ఒక బేసిన్లో నీళ్ళు పోసి ఆవాలు చల్లండి, రెండు టూత్‌బ్రష్‌లు పక్కపక్కన పెట్టి ఆ నీళ్ళు వాటి కుచ్చుల్లోంచి పోయేలా వంచండి. నీళ్ళు పోతాయి, ఆవాలు ఆగుతాయి. దాని నోట్లో పై దవడకి రెండు పక్కలా వందల కొద్దీ పలకలు వేలాడుతుంటాయి, బెలీన్ అంటారు. ఎముక కాదు, మన గోళ్ళు దేనితో అయ్యాయో అదే పదార్థం. గొంతు కింద మడతలు సాగి ఒక్క గుక్కలో దాదాపు తన ఒంటి బరువంత నీళ్ళు పడతాయి, తర్వాత నాలుకతో ఆ నీళ్ళని బయటికి నెట్టేస్తుంది. ఆ మడతలు చూపించడానికి నేను కుచ్చిళ్ళు పెట్టిన లంగా తెచ్చి విప్పి చూపించా, ఇంతకంటే మంచి సాధనం నాకు దొరకలేదు.

ఒక్క జాగ్రత్త. రొయ్యపొట్టు కవరు మూత గట్టిగా కట్టండి. పోయినేడు మా పెద్దదాని స్కూల్లో ఇదే చేద్దామని పంపిస్తే స్కూలు బస్సంతా కంపు కొట్టి ఇంటికి ఫోను వచ్చింది. మీ స్కూల్లో నాన్‌వెజ్ తేకూడదంటే ముందే అడగండి.

నాడి_చూసేవాడు

చిన్న సవరణ. ఎవరైనా "దాని గుండె కారంత, రక్తనాళాల్లో పిల్లలు ఈదుకుంటూ వెళ్ళొచ్చు" అని చెప్తే నమ్మకండి, చాలా వీడియోల్లో ఉంది. 2014లో కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్ తీరానికి కొట్టుకొచ్చిన నీలి తిమింగలం గుండెని టొరంటోలోని రాయల్ ఆంటారియో మ్యూజియం వాళ్ళు భద్రపరిచారు. తూకం వేస్తే దాదాపు 180 కిలోలు. పెద్దదే, కానీ కారు కాదు. అబద్ధం లేకుండానే ఆశ్చర్యం ఉన్నప్పుడు అబద్ధం ఎందుకు?

దీనికంటే గుండె వేగం చెప్పండి. కాలిఫోర్నియా తీరంలో ఒక నీలి తిమింగలం ఒంటికి పరికరం అంటించి గుండె చప్పుడు కొలిచారు, 2019లో ఫలితాలు బయటికొచ్చాయి. లోతుకి మునిగినప్పుడు నిమిషానికి రెండుసార్లు దాకా పడిపోయింది, పైకి వచ్చి ఊపిరి తీసుకునేటప్పుడు 25 నుంచి 37 దాకా పెరిగింది. క్లాసులో ముందు పిల్లల్ని తమ మణికట్టు మీద నాడి లెక్కపెట్టమనండి, నిమిషానికి 80, 90 వస్తుంది. తర్వాత అందరూ కళ్ళు మూసుకోవాలి, మీరు ఒక్క చప్పట్లు కొట్టి 30 సెకన్లు ఆగి మళ్ళీ ఒకటి. ఆ 30 సెకన్లూ ఎంత పొడుగ్గా ఉంటాయో చూడండి. మా అక్క స్కూల్లో నేను చేయించా, రెండో చప్పట్లకి ముందు ఒక బాబు భయంగా "చచ్చిపోయిందా?" అన్నాడు.

చాక్‌పీసు_రాణి

అబ్బ, చప్పట్లది నాకు బాగా నచ్చింది. కనీసం 30 సెకన్లైనా క్లాసు నిశ్శబ్దంగా ఉంటుంది కదా! మరి హుస్సేన్ సాగర్ సంగతి ఎవరూ చెప్పలేదు. ఆ వెనక బెంచీ వాడు రోజూ అడుగుతున్నాడు.

అలల_మీద_లెక్కలు

మీరు తొందరపడ్డారు టీచర్ గారు, పడుతుంది. హుస్సేన్ సాగర్ బాగా లోతున్న చోట 32 అడుగులంటారు. తిమింగలం ఒళ్ళు ఎత్తు దాంట్లో సగమే, కాబట్టి మునుగుతుంది. కానీ అది రోజూ తిండి కోసం 100 మీటర్లు దాటి కిందికి వెళ్ళే ప్రాణి. 10 మీటర్ల నీళ్ళలో దాన్ని ఉంచడమంటే మిమ్మల్ని మంచం కింద కాపురం పెట్టమన్నట్టు. పైగా ఉప్పునీళ్ళ జీవి, ఇక్కడ క్రిల్ లేదు, ఉన్నదేంటో మనందరికీ తెలుసు, ముక్కు మూసుకుని వెళ్ళేవాళ్ళమే కదా. మధ్యలో ఉన్న బుద్ధుడు 58 అడుగులు, తిమింగలాన్ని పక్కన నిలబెడితే 98. వెనక బెంచీ బాబుకి "పడుతుంది, కానీ బతకదు, ఎందుకో నువ్వే చెప్పు" అని తిరిగి అడగండి. మీరు తప్పు చెప్పానని ఒప్పుకుంటే వాడు జన్మలో మర్చిపోడు.

మనవైపు ఉంటాయా అని కూడా అడుగుతారు. శ్రీలంక దక్షిణ తీరంలో మిరిస్సా దగ్గర పడవల్లో తీసుకెళ్ళి చూపిస్తారు. లక్షద్వీప్‌లో కవరత్తి దగ్గర నీళ్ళలో మైకులు పెట్టి వాటి పాటలు రికార్డు చేశారు. వీడియోల్లో మనం వినే పాట వేగం పెంచినది, ఇది పిల్లలకి తప్పకుండా చెప్పాలి. అసలు గొంతు చాలా బొంగురు, మన చెవికి 20 హెర్ట్జ్ నుంచి వినిపిస్తుంది, దాని పాటలో చాలా భాగం ఆ చుట్టుపక్కలే, కొంత అంతకంటే కిందే. పక్కన పాడుతున్నా మనకి సరిగ్గా వినపడదు, కానీ వందల కిలోమీటర్ల అవతలి తిమింగలానికి వినపడొచ్చు.

ఆ గేమ్ గొడవ 2017లోది. అప్పుడు కేంద్రం ఆ లింకులు తీసేయమని కంపెనీలకి రాసింది, పేపర్లనిండా అదే. మీ పిల్లలు అప్పటికి చంటివాళ్ళో, పుట్టనివాళ్ళో. భయం పెద్దవాళ్ళది. వాదించకండి, మెసేజ్‌లో "నీలి తిమింగలం, సముద్ర జంతువు, సైన్స్ పాఠం" అని తెలుగులో రాయండి, ఎవరూ ఏమీ అనరు.

రాళ్ళపిచ్చి

ఎవరూ చెప్పని ముక్క ఒకటి. క్షీరదమని ఎంత చెప్పినా పిల్లలకి "మరి నీళ్ళలోకి ఎందుకెళ్ళింది?" అనే సందేహం ఉంటుంది. ఈ కథకి మన దేశంలోనే రాళ్ళున్నాయి.

ఎ. రంగారావు అనే భూగర్భ శాస్త్రవేత్త జమ్మూ కాశ్మీర్‌లో కాలాకోట్ దగ్గర రాళ్ళు ఏరి దాచారు. అందులో దొరికిన ఒక జంతువుకి 1971లో ఇండోహయస్ అని పేరు పెట్టారు. ఆయన పోయాక చాలా రాళ్ళు పగలగొట్టకుండానే మిగిలిపోయాయి. ఆయన భార్య వాటిని హాన్స్ థ్యూయిసెన్ అనే శాస్త్రవేత్తకి ఇచ్చారు. అక్కడ పనిచేసే మనిషి ఒక పుర్రె శుభ్రం చేస్తూ పొరపాటున చెవి ఎముక విరగ్గొట్టాడు. విరిగిన చోట చూస్తే లోపలి గోడ మందంగా ఉంది, అంత మందం తిమింగలాల జాతిలో తప్ప చూడలేదు! 2007లో ఆ విషయం ప్రకటించారు. ఇండోహయస్ పిల్లికంటే కొంచెం పెద్దగా, చిన్న జింకలా, నాలుగు కాళ్ళతో ఉండేది, 4 కోట్ల 80 లక్షల ఏళ్ళ కిందటిది. తిమింగలానికి ముత్తాత అనడం సరికాదు, ఆ కుటుంబానికి దగ్గరి చుట్టం. గ్రౌండులో 30 మీటర్ల ముగ్గు పక్కన పిల్లి సైజు బొమ్మ ఒకటి గీయించండి.

వీలైతే ఆదర్శ్ నగర్ కొండ మీది బిర్లా సైన్స్ మ్యూజియంకి తీసుకెళ్ళండి. మన యామన్‌పల్లి దగ్గర దొరికిన కోటాసారస్ డైనోసార్ అస్థిపంజరం ఉంది. డైనోసార్ పెద్దదా తిమింగలం పెద్దదా అనే గొడవ అక్కడికక్కడే తేలిపోతుంది.

రొయ్యపొట్టు

రాళ్ళపిచ్చి గారూ, విరగ్గొట్టినందుకు దొరికిందా! మా ఇంట్లో గ్లాసులు పగిలితే ఏమీ దొరకట్లేదు.

టీచర్ గారూ, వాటిని వేటాడి చంపిన సంగతి కూడా చెప్తారా? మా చిన్నోడు రెండు రోజులు ఏడ్చాడు, నేనైతే చెప్పొద్దంటాను.

ముగ్గుల_మాస్టారు

చెప్పాలమ్మా. ఇంకా ఎన్నున్నాయని ఎలాగూ అడుగుతారు, 10 వేల నుంచి 25 వేలంటే ఎందుకింత తక్కువ అంటారు. ఒక్క 20వ శతాబ్దంలోనే మూడు లక్షలకు పైగా చంపారు, సబ్బులకీ, వనస్పతి లాంటి మార్గరీన్‌కీ నూనె కావాలని. ఆవిరి ఓడలు, మందు పెట్టి పేల్చే బల్లేలు వచ్చేదాకా దాన్ని వెంబడించడం ఎవరి వల్లా కాలేదు. 1966లో నిషేధం పెట్టారు, ఆ తర్వాత కూడా సోవియట్ ఓడలు కొన్నేళ్ళు దొంగచాటుగా చంపాయి. నేను ఐదో తరగతికి బొమ్మలు లేకుండా రెండు వాక్యాల్లో చెప్తాను. నిషేధం తర్వాత నెమ్మదిగా పెరుగుతున్నాయని కూడా చెప్తాను.

చాక్‌పీసు_రాణి

నిన్న చేశాం. ఖర్చు 240. ముగ్గుపిండి అయిపోతే ఆయమ్మ ఇంకో కిలో తెచ్చి నాతో డబ్బులు తీసుకోలేదు. తప్పు తోక గీసి పెట్టా మాస్టారూ, పావుగంట దాకా ఎవరూ పట్టుకోలేదు, చివరికి మా ముత్యాల అక్షరాల బాబే పట్టుకున్నాడు. రొయ్యపొట్టుకి ప్రిన్సిపాల్ మేడమ్ ఒప్పుకోలేదు, సగ్గుబియ్యంతో సరిపెట్టా, అంత రుచి లేదు. చప్పట్ల మధ్య పూర్తి నిశ్శబ్దం, కారిడార్లో వెళ్తున్న హిందీ సార్ ఆగి లోపలికి తొంగి చూశారు. గ్రూపులో తెలుగులో రాశా, ఒక్క మాట రాలేదు, పైగా ఆ గేమ్ అన్న తండ్రే తాడు పంపించారు. హుస్సేన్ సాగర్ విషయంలో తప్పు చెప్పానని ఒప్పుకున్నా, వెనక బెంచీ వాడు క్లాసంతా తిరిగి చెప్పుకున్నాడు.

స్లిప్ టెస్టులో ఇంకా ముగ్గురు "పెద్ద చేప" అనే రాశారు. ఒక ప్రశ్నకి మాత్రం నా దగ్గర జవాబు లేదు. ముగ్గు కడుపు దగ్గర కూర్చున్న అమ్మాయి "మనలాగే పుడితే దీనికి బొడ్డు ఉండాలి కదా టీచర్?" అంది. ఉంటుందా?

అలల_మీద_లెక్కలు

ఉంటుంది టీచర్ గారు. తల్లి కడుపులో బొడ్డుపేగుతోనే పెరుగుతుంది, ఆ పేగు తెగిన గుర్తు కడుపు మీద మిగులుతుంది.

చాక్‌పీసు_రాణి

పొద్దున్నే వెళ్ళి చెప్పా. రాత్రి వానకి ముగ్గు సగం కొట్టుకుపోయినా, మిగిలిన కడుపు మీద చాక్‌పీసుతో సున్నా చుట్టి వచ్చింది.